యంత్ర తయారీదారు ఆపరేటింగ్ లీజుల నగదు ప్రవాహాలు: ఏళ్ళ తరబడి గమనించే విధానం, యంత్ర సేవా కేంద్రాలకు దాని అన్వయం

సారాంశం

వ్యవసాయ యంత్రాలను అమ్మడమే కాక అద్దెకు కూడా ఇచ్చే తయారీ సంస్థలో ఒకే యంత్రానికి సంబంధించిన నగదు వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు పద్దుల కింద నమోదవుతుంది. కొనుగోలు వ్యయం ఒకచోట, అద్దె మరొకచోట, లీజు ముగిశాక వచ్చే అమ్మకపు సొమ్ము ఇంకొకచోట కనబడుతుంది. వీటిలో ఏ ఒక్కదానిని చూసినా లీజు వ్యాపారం లాభనష్టాలు తెలియవు. అమెరికాకు చెందిన డీర్ అండ్ కంపెనీ వార్షిక నివేదికలలోని 2014–2021 నాటి అంకెల ఆధారంగా ఈ ప్రవాహాలను గమనించే క్రమం ఈ వ్యాసంలో వివరించబడినది. అద్దెగా వచ్చే ప్రతి రూపాయిలో కొంత భాగం లాభం కాదనీ, అది తిరిగి వస్తున్న మూలధనమనీ గుర్తించడమే ఇందులోని ముఖ్య సూత్రం. ఇదే సూత్రం తెలుగు రాష్ట్రాలలోని యంత్ర సేవా కేంద్రాల అద్దె నిర్ణయానికి ఎట్లు వర్తించునో చివరి భాగంలో చర్చించబడినది.

ఉపోద్ఘాతం

వ్యవసాయ యాంత్రీకరణపై జరిగే చర్చలలో యంత్రం సామర్థ్యం, ఎకరాకు పట్టే సమయం, ఇంధన వినియోగం వంటి అంశాలకు ప్రాధాన్యం లభిస్తుంది. యంత్రంపై పెట్టిన సొమ్ము ఎప్పుడు, ఏ రూపంలో తిరిగి వస్తుందన్న ప్రశ్న మాత్రం తరచు వెనుకబడుతుంది. రైతు యంత్రాన్ని కొనుగోలు చేసినంత కాలం ఈ ప్రశ్న అతని ఇంటి లెక్కకే పరిమితం. యంత్రం అద్దెకు తిరగడం మొదలైనప్పుడు మాత్రం దాని యజమాని పెద్ద తయారీ సంస్థ అయినా, పదిమంది రైతుల బృందం అయినా, ఎదుర్కొనే లెక్క ఒక్కటే. పెద్ద సంస్థల లెక్కలు ఏటా బహిరంగంగా ప్రచురితమవుతాయి కనుక, వాటిని చదవడం నేర్చుకొన్న విస్తరణ శాస్త్రవేత్తకు గ్రామస్థాయి కేంద్రం పద్దు పుస్తకాన్ని పరిశీలించడం సులభమవుతుంది.

ఆపరేటింగ్ లీజు స్వరూపం

లీజులు స్థూలంగా రెండు విధాలు. యంత్రం యాజమాన్యంతో వచ్చే లాభనష్టాలన్నీ దాదాపుగా లీజుకు తీసుకొన్న వ్యక్తికే చెందితే అది ఫైనాన్స్ లీజు. పేరుకు అద్దె అయినా దాని స్వభావం వాయిదాల అమ్మకమే. యంత్రం కొంతకాలం వాడుకొని తిరిగి అప్పగించేదై, గడువు ముగిసేనాటికి దానికి మిగిలే విలువ గురించిన ప్రమాదం యజమానిదే అయితే అది ఆపరేటింగ్ లీజు. గడువు చివర యంత్రానికి ఉండగలదని ముందుగా అంచనా వేసిన విలువను అవశేష విలువ అంటారు.

భారతదేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం లీజుకు తీసుకొనేవారి లెక్కలను గణనీయంగా మార్చింది. లీజుకు ఇచ్చేవారి విషయంలో మాత్రం పై రెండు తరగతుల విభజన అట్లే కొనసాగుతున్నది. అమెరికాలోనూ ఇదే పరిస్థితి. కావున, లీజుకు ఇచ్చే సంస్థను ఏళ్ళ తరబడి గమనించేటప్పుడు ప్రమాణాల మార్పు వలన శ్రేణి పెద్దగా తెగిపోదు.

ఆపరేటింగ్ లీజులోని యంత్రం ఇచ్చినవారి ఆస్తి పట్టికలోనే ఉంటుంది. కొన్న ధర నుండి అవశేష విలువను తీసివేయగా మిగిలిన మొత్తాన్ని లీజు కాలానికి పంచి, ఏటా తరుగుదలగా చూపుతారు. అవశేష విలువను ఎక్కువగా అంచనా వేస్తే తరుగుదల తగ్గుతుంది, ఆ ఏటి లాభం పెరిగినట్లు కనబడుతుంది. అంచనా తప్పని తేలేది మాత్రం యంత్రం తిరిగి వచ్చి అమ్మకానికి నిలిచిన నాడే.

నగదు నమోదయ్యే మూడు చోట్లు

డీర్ సంస్థ నగదు ప్రవాహ పట్టికలో ఆపరేటింగ్ లీజులకు సంబంధించిన నగదు మూడు చోట్ల కనబడుతుంది.

మొదటిది, లీజుకు ఇచ్చేందుకు యంత్రాలను సమకూర్చుకొన్న వ్యయం. ఇది పెట్టుబడి కార్యకలాపాలలో బయటకు వెళ్ళిన నగదు.

రెండవది, అద్దె. ఇది నిర్వహణ కార్యకలాపాలలో లోనికి వచ్చే నగదులో కలిసిపోయి ఉంటుంది. పట్టిక నికర లాభంతో మొదలవుతుంది, తరుగుదల నగదు వ్యయం కాదు కనుక దానిని తిరిగి కలుపుతారు. ఫలితంగా అద్దె మొత్తం నిర్వహణ నగదుగానే తేలుతుంది.

మూడవది, గడువు తీరిన యంత్రాలను అమ్మగా వచ్చిన సొమ్ము. ఇది మరల పెట్టుబడి కార్యకలాపాలలోనే లోనికి వచ్చిన నగదుగా నమోదవుతుంది.

ఈ అమరికలో ఒక చిక్కు ఉన్నది. యంత్రం కొన్న ఖర్చు నిర్వహణ విభాగంలో ఎక్కడా కనబడదు, దాని అద్దె మాత్రం అక్కడే చేరుతుంది. అందువలన నిర్వహణ నగదును మాత్రమే చూసేవారికి లీజు వ్యాపారం ఖర్చులేని రాబడి వలె తోస్తుంది. ఇండ్ ఏఎస్ 7 ప్రమాణం ఈ విషయంలో భిన్నమైన దారిని అనుసరిస్తుంది. ఇతరులకు అద్దెకిచ్చి, ఆ తరువాత అమ్మడం పరిపాటిగా గల సంస్థలలో అట్టి ఆస్తులను సమకూర్చుకొనే వ్యయం, అద్దె, అమ్మకపు సొమ్ము మూడింటినీ నిర్వహణ కార్యకలాపాలలోనే చూపవలెనని అది నిర్దేశిస్తుంది. వేర్వేరు దేశాల తయారీదారులను పోల్చే విద్యార్థి ఈ భేదాన్ని ముందుగా సరిచేసుకొనవలెను. లేనిచో ఒకే తీరు వ్యాపారం ఒక సంస్థలో నగదు సమృద్ధిగానూ, మరొక సంస్థలో నగదు కొరతగానూ కనబడగలదు.

డీర్ సంస్థ: 2014 నుండి 2021 వరకు

డీర్ అండ్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలీన్‌లో ఉన్నది. దాని ఆర్థిక సంవత్సరం అక్టోబరు చివర లేదా నవంబరు మొదటి రోజులలో ముగుస్తుంది. ట్రాక్టర్లు, కంబైన్ హార్వెస్టర్లతో పాటు నిర్మాణ యంత్రాలు కూడా దాని లీజులలో ఉంటాయి కనుక కింది అంకెలు వ్యవసాయ యంత్రాలకు మాత్రమే పరిమితం కావు.

పట్టిక 1. ఆపరేటింగ్ లీజు యంత్రాలకు సంబంధించిన నగదు, ఏడాది చివరి నికర విలువ (కోట్ల డాలర్లలో, దగ్గరి పది కోట్లకు సవరించినవి)

| ఆర్థిక సంవత్సరం | సమకూర్చుకొన్న వ్యయం | అమ్మకపు సొమ్ము | నికరంగా బయటకు వెళ్ళినది | ఏడాది చివరి నికర విలువ |
|---|---|---|---|---|
| 2014 | 160 | 110 | 50 | 400 |
| 2016 | 230 | 130 | 100 | 590 |
| 2019 | 230 | 160 | 70 | 760 |
| 2021 | 170 | 210 | −40 | 700 |

ఈ అంకెలను నాటి వ్యవసాయ పరిస్థితులతో కలిపి చదవవలెను. అమెరికాలో మొక్కజొన్నకు రైతు పొందిన సీజను సగటు ధర 2012–13లో బుషెల్‌కు 6.89 డాలర్లు. 2014–15 నాటికి అది 3.70 డాలర్లకు పడిపోయింది. మొక్కజొన్న బుషెల్ అనగా సుమారు 25.4 కిలోలు. రాబడి తగ్గిన రైతు కొత్త యంత్రం కొనుగోలును వాయిదా వేశాడు. డీర్ యంత్రాల నికర అమ్మకాలు 2013లో సుమారు 3,500 కోట్ల డాలర్లు కాగా 2016 నాటికి సుమారు 2,340 కోట్లకు, అనగా మూడింట ఒక వంతు మేరకు తగ్గినవి. అదే కాలంలో లీజు యంత్రాలపై పెట్టిన నగదు మాత్రం తగ్గలేదు. 2014లో సుమారు 160 కోట్లుగా ఉన్నది 2016లో 230 కోట్లకు చేరింది.

అమ్మకాలు తగ్గుతుండగా లీజులు పెరగడంలో అసహజం ఏమీ లేదు. చేతిలో పెట్టుబడి లేని రైతుకు లీజు ఒక వెసులుబాటు, కర్మాగారం నడవవలసిన తయారీదారుకు అదొక మార్గం. కానీ ఈ మార్గంలో ధరల ప్రమాదం రైతు నుండి తయారీదారుకు బదిలీ అవుతుంది. లీజు యంత్రాలు తిరిగి వచ్చే నాటికి పాత యంత్రాల బజారు కూడా మందగించి ఉన్నది. 2016లో డీర్ ఆర్థిక సేవల విభాగం నికర లాభం అంతకు ముందు ఏటి సుమారు 63 కోట్ల డాలర్ల నుండి సుమారు 47 కోట్లకు తగ్గింది. ఇందుకు లీజు అవశేష విలువలపై వచ్చిన నష్టాలు పెరగడం ఒక కారణంగా సంస్థ పేర్కొన్నది.

2021 నాటి వరుస దీనికి పూర్తిగా భిన్నం. కరోనా అనంతర కాలంలో విడిభాగాల కొరత వలన కొత్త యంత్రాలు ఆలస్యమైనవి, పాత యంత్రాలకు గిరాకీ పెరిగింది. గడువు తీరిన యంత్రాల అమ్మకం ద్వారా వచ్చిన సొమ్ము ఆ ఏడు కొత్తగా సమకూర్చుకొన్న వ్యయాన్ని మించింది. పట్టికను పైపైన చూసినవారు ఆ ఏడు లీజు వ్యాపారం అత్యంత లాభకరమని భావించే అవకాశం ఉన్నది. పాత యంత్రాలకు మంచి ధర పలికిన మాట నిజమే. అయితే ఆ మిగులులో కొంత భాగం కొత్త లీజులు తగ్గడం వలన ఏర్పడినది. ఏడాది చివరి నికర విలువ 2019తో పోల్చితే తగ్గి ఉండడమే ఇందుకు సాక్ష్యం. నిల్వ తగ్గించుకొన్నందున వచ్చిన నగదుకు, వ్యాపారం ఆర్జించిన నగదుకు గల భేదాన్ని చివరి నిలువు వరుస లేకుండా గుర్తించడం సాధ్యం కాదు.

నగదు పట్టికలో కనబడని బదిలీలు

సమకూర్చుకొన్న వ్యయం నుండి అమ్మకపు సొమ్మును, తరుగుదలను తీసివేసి ఏడాది చివరి విలువను సరిచూడబోయినవారికి లెక్క కుదరదు. తయారీదారు తన గోదాములోని యంత్రాన్ని నేరుగా లీజు ఆస్తిగా మార్చినప్పుడు ఎవరికీ నగదు చెల్లించదు. కనుక అది నగదు ప్రవాహ పట్టికలో చేరదు. డీర్ సంస్థ ఇట్టి బదిలీలను ఏటా అనుబంధ వివరణలో విడిగా తెలియజేస్తుంది. అవి పదుల కోట్ల డాలర్లలో ఉంటాయి కనుక ఉపేక్షించదగినవి కావు.

అందువలన సంపూర్ణ సమీకరణం ఈ విధంగా ఉండవలెను: ఏడాది మొదటి నికర విలువకు నగదుతో సమకూర్చుకొన్న వ్యయాన్ని, నిల్వల నుండి బదిలీ అయిన యంత్రాల విలువను కలిపి, ఏటి తరుగుదలను, విలువ తగ్గింపులను, లీజు నుండి తొలగిన యంత్రాల పుస్తక విలువను తీసివేస్తే ఏడాది చివరి నికర విలువ వచ్చును. విదేశీ శాఖలు గల సంస్థలో మారక విలువల తేడా కొంత మిగులును. ఇక్కడ తీసివేయవలసినది అమ్మకపు సొమ్ము కాదు, పుస్తక విలువ. ఈ రెండింటి మధ్య తేడాయే అవశేష విలువ అంచనా ఎంత సరియైనదో చెప్పే కొలబద్ద.

ఒక ట్రాక్టరు లెక్క

పై సూత్రాన్ని విద్యార్థులు సులభంగా గ్రహించేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొనవచ్చును. ట్రాక్టరు ధర రూ.10,00,000. మూడేళ్ళ లీజు. ఏడాది చివర చెల్లించే అద్దె రూ.2,30,000. అంచనా వేసిన అవశేష విలువ రూ.5,50,000. అప్పుడు ఏటి తరుగుదల రూ.1,50,000, వడ్డీకి ముందు పుస్తకాలలో కనబడే ఏటి మిగులు రూ.80,000.

మూడేళ్ళ తరువాత ట్రాక్టరు అనుకొన్నట్లే రూ.5,50,000కు అమ్ముడుపోతే పెట్టుబడిపై ఏటా సుమారు 9.3 శాతం ప్రతిఫలం వచ్చును. బజారు పడిపోయి రూ.4,00,000 మాత్రమే పలికితే ప్రతిఫలం సుమారు 3.7 శాతానికి దిగజారును. 8 శాతం వడ్డీకి తెచ్చిన సొమ్ముతో ఈ లీజు నడిస్తే మొదటి సందర్భంలో లాభం, రెండవ సందర్భంలో నష్టం. అయినప్పటికీ మొదటి రెండేళ్ళు రెండు సందర్భాలలోనూ పుస్తకాలు ఒకే తీరున రూ.80,000 మిగులును చూపుతాయి. రెండవ సందర్భంలో మూడవ ఏట రూ.80,000 మిగులు, రూ.1,50,000 అమ్మకపు నష్టం కలిసి రూ.70,000 లోటుగా తేలును. నష్టానికి మూలం మొదటి రోజు వేసిన అంచనాలో ఉండగా, అది బయటపడినది చివరి రోజున.

నగదు దృష్టితో చూస్తే మరొక విషయం స్పష్టమగును. ఏటా చేతికి వచ్చిన రూ.2,30,000లో రూ.1,50,000 యంత్రం అరుగుదలకు సమానమైన మూలధనం. రెండవ సందర్భంలో నిజమైన అరుగుదల మూడేళ్ళకు రూ.6,00,000, అనగా ఏటికి రూ.2,00,000. ఆ లెక్కన నిజమైన మిగులు రూ.30,000 మాత్రమే. ఏటా రూ.80,000 పంచుకొన్న యజమాని తెలియకుండానే రూ.50,000 మూలధనాన్ని ఖర్చు చేసినట్లు.

అనుసరించవలసిన క్రమం

తయారీదారు లీజు నగదును గమనించదలచిన విద్యార్థులు కింది క్రమాన్ని పాటించవచ్చును.

1. కనీసం ఒక పూర్తి లీజు కాలానికి రెండింతలు, వీలైతే పంట ధరల ఒక ఉత్థాన పతన చక్రం అంతటికీ అంకెలు సేకరించవలెను. రెండు మూడేళ్ళ అంకెలతో నిర్ణయానికి రారాదు.

2. సమకూర్చుకొన్న వ్యయం, అమ్మకపు సొమ్ము, తరుగుదల, నిల్వల నుండి బదిలీ, ఏడాది చివరి నికర విలువ అనే ఐదు వరుసలను పక్కపక్కన ఉంచవలెను.

3. ఈ ఏటి అమ్మకపు సొమ్మును ఈ ఏటి వ్యయంతో కాక, సగటు లీజు కాలమంత వెనుకటి ఏటి వ్యయంతో పోల్చవలెను. నేడు అమ్ముడయ్యే యంత్రాలు నాడు సమకూర్చుకొన్నవే. లీజు కాలాలు ఒకే తీరుగా ఉండవు కనుక ఈ పోలిక సరళిని మాత్రమే సూచించును.

4. నికర నగదు లోనికి వచ్చిన ఏళ్ళలో లీజు ఆస్తి పెరిగిందా, తరిగిందా అని చూడవలెను. ఆస్తి తరిగినట్లయితే ఆ నగదును పూర్తిగా ఆర్జనగా పరిగణించరాదు.

5. విలువ తగ్గింపులు, అమ్మకపు లాభనష్టాలు ప్రకటించిన ఏళ్ళను విడిగా గుర్తించి, వాటికి కారణమైన లీజులు ఏ ఏళ్ళలో ఇచ్చినవో వెనుకకు వెళ్ళి పరిశీలించవలెను.

యంత్ర సేవా కేంద్రాలకు అన్వయం

తెలుగు రాష్ట్రాలలోని యంత్ర సేవా కేంద్రాలు గంటకో, ఎకరాకో అద్దె తీసుకొంటాయి. అనేక సందర్భాలలో డ్రైవరును కూడా కేంద్రమే పంపుతుంది. కనుక అవి అక్షరాలా ఆపరేటింగ్ లీజులు కావు. అయితే కొనుగోలు, అద్దె, చివరి అమ్మకం అనే మూడు నగదు ప్రవాహాలు, అవశేష విలువ ప్రమాదం ఇక్కడ కూడా యథాతథంగా ఉన్నవి. వీటికి తోడు ఇక్కడ రాయితీ అనే నాల్గవ అంశం చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు బృందాల యంత్ర సేవా కేంద్రాలకు అమలైన పథకంలో 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు రుణం, 10 శాతం బృందం వాటా అనే నిష్పత్తి ఉన్నది. ఈ నిష్పత్తిలో రూ.15,00,000 విలువ గల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకొంటే రాయితీ రూ.6,00,000, రుణం రూ.7,50,000, బృందం వాటా రూ.1,50,000 అవుతుంది. యంత్రాలు 8 ఏళ్ళు పనిచేసి చివరకు రూ.3,00,000 పలుకుతాయని, ఏటా 500 గంటలు పని దొరుకుతుందని, ఇంధనం, మరమ్మతులు, జీతాలు, వడ్డీ అన్నీ అద్దెలో విడిగా రాబట్టబడుచున్నవని అనుకొందము.

బృందం తన చేతి నుండి, బ్యాంకు నుండి వచ్చిన రూ.9,00,000కు మాత్రమే తరుగుదల లెక్కిస్తే అది ఏటికి రూ.75,000, గంటకు రూ.150. మొత్తం ధరకు లెక్కిస్తే ఏటికి రూ.1,50,000, గంటకు రూ.300. మొదటి పద్ధతిలో 8 ఏళ్ళకు రూ.6,00,000 రాబట్టి, యంత్రాలు అమ్మగా వచ్చిన రూ.3,00,000 కలిపి, రుణం అసలు రూ.7,50,000 తీర్చితే చేతిలో మిగిలేది రూ.1,50,000. బృందం ఎక్కడ మొదలైనదో సరిగా అక్కడికే చేరినది. రాయితీ సొమ్మంతా తక్కువ అద్దె రూపంలో అప్పటి వాడకందారులకు పంచబడినది. రెండవ పద్ధతిలో రుణం తీరిన తరువాత రూ.7,50,000 మిగులును. అనగా బృందం వాటాతో పాటు రాయితీ కూడా స్థిర మూలధనంగా నిలిచి, మరల రుణం తీసుకొని కొత్త యంత్రాలు కొనే శక్తి కేంద్రానికి ఉండును. బ్యాంకు వాయిదాలు సాధారణంగా 8 ఏళ్ళకు ముందే తీరవలసి ఉండుటచేత మొదటి పద్ధతిలో నడిచే కేంద్రం మధ్యలోనే నగదు ఇబ్బందికి గురికాగలదు.

ఈ రెండు పద్ధతులలో ఏది మంచిదన్నది కేవలం లెక్కల ప్రశ్న కాదు. గంటకు రూ.150 తగ్గింపు చిన్న కమతం గల రైతుకు, కౌలు రైతుకు విలువైనదే. రాయితీ ఉద్దేశమే అది అని వాదించవచ్చును. ఎనిమిదేళ్ళ తరువాత కేంద్రం మూతపడితే అదే రైతు బయటి అద్దె ధరలకు తలవంచవలసి వచ్చును. ఎంపిక బృందానిదే, కానీ ఎంపిక చేస్తున్నామన్న ఎరుక వారికి ఉండవలెను. చాలినంత తరుగుదల తీయని పద్దు పుస్తకం ఏటా మిగులు చూపుతూనే ఉంటుంది. కనుక ఆ ఎరుకను కలిగించవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తపై ఉన్నది.

ఇందుకు ప్రతి కేంద్రంలోనూ యంత్రానికొక పుట చొప్పున కొన్న తేదీ, పూర్తి ధర, రాయితీ, ఏటా పనిచేసిన గంటలు, వచ్చిన అద్దె, మరమ్మతు ఖర్చు, ఏడాది చివర స్థానిక బజారులో పలికే పాత ధర అనే ఏడు అంశాలను నమోదు చేయించవలెను. చివరి అంశం అతి ముఖ్యం. ఏటా ఒకసారి పాత యంత్రాల వ్యాపారిని అడిగి ధర రాసుకొంటే అవశేష విలువలోని తప్పు ఎనిమిదవ ఏట కాక రెండవ ఏటనే బయటపడును, అద్దెను సవరించుకొనే వ్యవధి దొరుకును. తరుగుదల కింద తీసిన సొమ్మును రుణ వాయిదాలకు పోను మిగిలినంత మేరకు ప్రత్యేక ఖాతాలో జమచేయడం అవసరం.

ముగింపు

వందల కోట్ల డాలర్ల లీజు ఆస్తులు గల తయారీదారు కూడా అవశేష విలువ అంచనా తప్పితే లాభాన్ని కోల్పోవడం 2016 నాటి అనుభవంలో కనబడుతున్నది. అమ్మకాలు మందగించిన ఏళ్ళలో పెరిగిన లీజులు ఆ తరువాతి ఏళ్ళలో పాత యంత్రాలుగా తిరిగి వచ్చినవి. నగదు పట్టికలోని ఏ ఒక్క ఏటి అంకె ఈ కథను పూర్తిగా చెప్పదు. వ్యయాన్ని, అద్దెను, అమ్మకపు సొమ్మును ఒక యంత్రం జీవితకాలం పొడవునా వరుసగా పేర్చినప్పుడే అసలు స్థితి తెలియును. తయారీదారు నష్టాన్ని ఇతర విభాగాల లాభంతో పూడ్చుకొనగలడు. రైతు బృందానికి అట్టి ఆసరా లేదు. కావున వచ్చిన అద్దెలో మూలధనమెంత, మిగులెంత అన్న విభజన వారి పద్దులో మొదటి ఏడాది నుండే ఉండవలెను.